ఏ ఊళ్లో ఆ మర్యాద

నిజామాబాదు జిల్లాలో బోధన్‌కూ బాన్సువాడకూ మధ్యన వర్ని వుంది. మంజీరా నది మీద నిజాంసాగరు కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. కాలువ నీళ్లు పారగానే కృష్ణా, గుంటూరు ప్రాంతాల నుంచి రైతు కుటుంబాలు బండ్లు కట్టుకుని తరలివచ్చి ఈ చుట్టుపక్కల భూములు కొని స్థిరపడ్డాయి. వారు దిగిన చోట్లకు 'క్యాంపు' అనే పేరు నేటికీ నిలిచిపోయింది.

వచ్చినవారికి ఎదురైన చిక్కుల్లో భూమి లెక్క ఒకటి. కోస్తాలో ఎకరానికి నూరు సెంట్లు. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు. భూమి అదే, గట్టు అదే, కాని పది సెంట్లని మనసులో పెట్టుకుని పది గుంటలకు బేరమాడితే, అనుకున్నదానికి రెండున్నర రెట్ల భూమికి డబ్బు కట్టవలసి వస్తుంది! అందుచేత కాగితాల మీద వ్యవహారం వచ్చేసరికి అందరూ గుంటలకు అలవాటుపడ్డారు. ఇంట్లో మాత్రం ఎవరి మాట వారిదే. ఒక ఇంట్లో పంచదార, పక్కింట్లో చక్కెర. ఒకరిది ఉల్లిపాయ, ఒకరిది ఉల్లిగడ్డ. దీనివల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు.

పది మందితో కలిసి నడిచే దారిలో ఆ ఊరి లెక్క పాటించాలి. సొంత వంటింట్లో సొంత రుచి వుంచుకోవచ్చు. చాలా చిన్న సూత్రం. ఈ వారం మనం చెప్పుకోబోయే కంప్యూటరు సంగతికి కీలకమంతా ఇందులోనే వుంది.

ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలో ఒక కంప్యూటరుండడం వింత కాదు, రెండు మూడు రకాలుండడం కూడా వింత కాదు. అబ్బాయికి కంపెనీవారిచ్చిన ఆపిల్ మాక్, అమ్మాయి కాలేజీలో లినక్సు, ఇంటి పెద్ద ఏళ్ల తరబడి లెక్కలు రాసుకుంటున్న విండోస్. మూడింటిలోనూ ఒకే సాఫ్ట్‌వేరు పెట్టుకోవచ్చు. లిబ్రె ఆఫీసు అనే ఉచిత రాతకోతల సాఫ్ట్‌వేరు అటువంటిదే. అది 2010లో ఓపెన్ ఆఫీసు నుంచి విడివడి పుట్టింది, మూడు రకాల యంత్రాల మీదా నడుస్తుంది. "ఒకే సాఫ్ట్‌వేరు కదా, ఒకచోట నేర్చుకుంటే అంతటా వచ్చినట్టే" అనుకుంటాం. అక్కడే తమాషా మొదలవుతుంది.

ఇంటి పెద్దాయన చెరుకు లెక్కల కాగితం మీద ఒక వరుసను ఎంచుకుని, అలవాటుగా కంట్రోల్ మీటతో సి నొక్కుతారు. మాక్ మీద ఏమీ కాదు. "బాబాయ్, ఇక్కడ కంట్రోల్ కాదండీ, కమాండ్ నొక్కాలి" అంటాడు అన్నగారబ్బాయి. సరే, కమాండ్ నొక్కుతారు. తరువాత వరుస మొదటికి వెళ్లాలని హోమ్ మీట నొక్కుతారు. విండోస్‌లో అది వరుస మొదటికి తీసుకువెళ్లేది. మాక్‌లో అదే మీట చాలా సాఫ్ట్‌వేర్లలో కాగితం మొదటికే పట్టుకుపోతుంది. డిలీట్ అని రాసి వున్న మీట విండోస్‌లో కుడివైపు అక్షరాన్ని చెరుపుతుంది, మాక్‌లో ఎడమవైపుది చెరుపుతుంది. విసుగొచ్చి విండో మూసేస్తారు. విండో పోయింది గాని సాఫ్ట్‌వేరు మాత్రం పోలేదు. మాక్‌లో విండో మూయడం వేరు, సాఫ్ట్‌వేరు ముగించడం వేరు.

అప్పుడాయన అనే మాట మీరు ఊహించగలరు. "ఈ వయసులో నా వల్ల కాదురా" అంటారు.

అసలు కష్టం ఇదే. తప్పు ఎవరిదో తెలియకుండానే మనిషి దానిని తన నెత్తిన వేసుకుంటాడు. వేళ్లకు పట్టిన విద్య చేతివిద్య. వంట చేసే ఆవిడ చూడకుండానే ఉప్పు డబ్బా అందుకుంటుంది. రాత్రికి రాత్రి ఎవరో ఉప్పూ చక్కెరా డబ్బాలు తారుమారు చేస్తే పాయసం పాడవుతుంది, ఆవిడకు వంట రాదని మాత్రం ఎవరూ అనరు. కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి ఈ న్యాయం మరిచిపోతాం.

మరి ఈ తేడాలు ఎందుకు వచ్చాయి? ఎవరో పనిగట్టుకుని మనని ఏడిపించడానికి పెట్టలేదు. ఒక్కొక్క ఊరి మర్యాద వెనుక ఒక్కొక్క చరిత్ర వుంది.

కత్తిరించు, నకలు తీయి, అతికించు అనే మూడు పనులను నేటి తీరులో కంప్యూటరు మీదికి తెచ్చినవారు అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసిన లారీ టెస్లర్, టిమ్ మాట్ అనేవారు. ఇది 1970ల నడుమ మాట. పత్రికల ఆఫీసుల్లో కత్తెరతో కాగితం కత్తిరించి జిగురుతో అతికించే పద్ధతే దానికి మూలం. టెస్లర్ తరువాత ఆపిల్ కంపెనీకి వెళ్లారు. 1983లో లీసా, 1984లో మాకింటాష్ అనే కంప్యూటర్లతో ఈ పనులు లోకానికి అలవాటయ్యాయి. కీబోర్డు కింది వరుసలో ఎడమ కొసన జడ్, ఎక్స్, సి, వి అనే నాలుగు మీటలు పక్కపక్కనే వుంటాయి. చేసినది వెనక్కు తీసుకోవడానికి జడ్, కత్తిరించడానికి ఎక్స్, నకలుకు సి, అతికించడానికి వి. ఎక్స్ కత్తెరలా కనిపిస్తుంది, సి కాపీకి మొదటి అక్షరం. అన్నిటికీ మించి నాలుగూ ఎడమ చేతికి అందుబాటులో వుంటాయి. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో చనిపోయారు. ఆయన పేరు తెలియనివారు కూడా ఆయన ఇచ్చిన మీటలను రోజుకు నూరుసార్లు నొక్కుతున్నారు.

ఆపిల్ వారు ఈ పనులకు కంట్రోల్‌ను వాడక, కమాండ్ అనే వేరే మీట పెట్టుకున్నారు. మొదట దాని మీద ఆపిల్ పండు బొమ్మే వుండేది. మెనూల నిండా పండ్లే కనిపించడం స్టీవ్ జాబ్స్‌కు నచ్చలేదట. అప్పుడు బొమ్మలు గీసే సూసన్ కేర్ అనే ఆమె గుర్తుల పుస్తకం వెతికి, స్వీడన్ దేశంలో చూడదగిన స్థలాలకు వాడే నాలుగు మెలికల గుర్తును ఎంచుకున్నారు. నేటికీ కమాండ్ మీట మీద వున్నది అదే.

కంట్రోల్ మీటకు అంతకు ముందే వేరే ఉద్యోగం వుంది. టెలిప్రింటరు కాలం నుంచీ వచ్చిన పద్ధతిలో, అక్షరాలతోనే ఆజ్ఞలిచ్చే నల్లటి తెర మీద కంట్రోల్ సి అంటే "నడుస్తున్న పని ఆపు" అని అర్థం. లినక్సు మీద ఆ తెరలో ఇప్పటికీ అంతే. అందుకే అక్కడ నకలు తీయాలంటే కంట్రోల్‌తో పాటు షిఫ్టు కూడా కలపాలి. పాపం, కొత్తవాడు నకలు తీయబోయి గంట సేపటి పనిని ఆపేసుకుంటాడు!

ఐబియం కంపెనీ 1987లో తన మర్యాదల పట్టిక ఒకటి ప్రకటించింది. దాని ప్రకారం కత్తిరించడానికి షిఫ్టు, డిలీట్; నకలుకు కంట్రోల్, ఇన్‌సర్టు; అతికించడానికి షిఫ్టు, ఇన్‌సర్టు. విండోస్ మొదట ఆ దారిన నడిచి, తరువాత ఆపిల్ వారి అక్షరాలనే కంట్రోల్‌తో కలిపి తీసుకుంది. పాత మీటలను తోసివేయకపోవడం దాని మంచితనం. విండోస్‌లో అవి ఇప్పటికీ చాలా చోట్ల పనిచేస్తాయి.

మీటల సంగతి ఇలా వుంటే బొత్తాల సంగతి మరీ చిత్రం. కంప్యూటరు ప్రశ్న అడిగినప్పుడు "సరే", "వద్దు" అనే రెండు బొత్తాలు చూపిస్తుంది. విండోస్‌లో "సరే" ముందు, "వద్దు" తరువాత. మాక్‌లో "సరే" కుడి కొసన. లినక్సులో గ్నోమ్ అనే తెర వాడేవారు 2002 నుంచీ మాక్ పద్ధతే పాటిస్తున్నారు. చూడకుండా నొక్కే అలవాటున్న చేయి ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మారితే, "భద్రపరచు" అనుకుని "వదిలెయ్యి" నొక్కే ప్రమాదం వుంది. నెల రోజుల పాల లెక్క, పిల్లవాడి ప్రాజెక్టు రిపోర్టు, సంఘం తీర్మానాల పుస్తకం — ఏదైనా పోవచ్చు.

ఇక అనేక యంత్రాల మీద నడిచే సాఫ్ట్‌వేరు తయారు చేసేవాడు ఏం చేయాలి? అతని ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ఎక్కడైనా నాది నాదే అనడం. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అన్నట్టు. తయారు చేసేవాడికి సుళువు, వాడేవాడికి చెర. రెండవది, ఒక్కొక్క యంత్రానికీ విడివిడిగా మొదటి నుంచీ రాయడం. మర్యాదకు లోటు వుండదు, కాని ఖర్చు మూడింతలు. ఒకచోట దిద్దిన తప్పు ఇంకోచోట మిగిలిపోతుంది.

మూడవ దారి తెలివైనది. నార్వే దేశంలో పుట్టిన క్యూట్ అనే పనిముట్ల పెట్టె 1995 నుంచీ వుంది. దానితో రాసే సాఫ్ట్‌వేరులో "కంట్రోల్ సి నొక్కితే" అని మీట పేరు చెప్పనక్కరలేదు. "నకలు అడిగితే" అని పని పేరు చెబితే చాలు. ఏ యంత్రం మీద వున్నామో చూసుకుని, ఆ ఊళ్లో నకలుకు ఏ మీటో అదే తగిలిస్తుంది. కంట్రోల్ అని రాసినా సరే, మాక్ మీద దానిని కమాండ్‌గా మారుస్తుంది. "సరే", "వద్దు" బొత్తాలను కూడా ఆ ఊరి వరుసలోనే నిలబెడుతుంది. "అమరికలు", "ముగించు" వంటి మాటలను మాక్‌లో సాఫ్ట్‌వేరు పేరుతో వుండే మెనూలోకి తనే జరుపుతుంది. లిబ్రె ఆఫీసును చూడండి. దాని అమరికలు విండోస్, లినక్సులలో పనిముట్ల మెనూలో కనిపిస్తాయి. మాక్‌లో లిబ్రె ఆఫీసు అనే పేరు కిందనే దొరుకుతాయి. మాక్ వాడేవాడు సహజంగా వెతికేది అక్కడే కనుక.

అయితే గుడ్డిగా మార్చితే కూడా ముప్పే. లిబ్రె ఆఫీసులో ఒక మాట వెతికి మరో మాట పెట్టడానికి విండోస్ మీద కంట్రోల్ హెచ్. దీన్ని యథాతథంగా మాక్‌కు తెచ్చి కమాండ్ హెచ్ అంటే ఏమవుతుంది? మాక్‌లో ఆ జంట "ఈ సాఫ్ట్‌వేరును తెర మీద నుంచి దాచు" అనే పనికి ఏనాడో కేటాయించబడింది. పాపం ఆ మనిషి మాట మార్చబోతే కాగితమే మాయమవుతుంది! అందుచేత మాక్ మీద లిబ్రె ఆఫీసు ఆ పనికి వేరే జంట పెట్టుకుంది. గుంటలను సెంట్లు చేయడానికి ఒక్క గుణకారం చాలు. అలవాట్లు మార్చడానికి గుణకారం చాలదు, ఆ ఊళ్లో ఏ పేరు ఎవరికి వుందో వెళ్లి విచారించుకోవాలి.

ఇక మన తెలుగు సంగతి. ఇంగ్లీషు మెనూలలో ఒక్కొక్క మాట కింద ఒక అక్షరానికి గీత వుంటుంది. ఆల్ట్ మీటతో ఆ అక్షరం నొక్కితే ఆ మెనూ తెరుచుకుంటుంది. మౌసు పట్టలేనివారికీ, చూపు సరిగా లేనివారికీ ఇది ఊతకర్ర వంటిది. లినక్సు మెనూలను తెలుగు చేసినవారికి ఇక్కడ చిక్కు వచ్చింది. "ఫైలు" అని రాస్తే ఏ అక్షరం కింద గీత గీయాలి? 'ఫై' అనేది ఒక హల్లు, ఒక గుణింతం కలిసిన అక్షరం. ఒక్క మీటతో రాదు. కనుక తెలుగు మాట రాసి, పక్కన బ్రాకెట్లలో ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరాన్ని వుంచారు. చూడడానికి పంచె మీద టై కట్టినట్టు వుంటుంది. అయినా దాని వల్ల ఒక మేలుంది: ఇంగ్లీషు మెనూ నేర్చిన వేళ్లు తెలుగు మెనూలో దారి తప్పవు. అందానికీ అలవాటుకూ తగువు వచ్చినప్పుడు వారు అలవాటు పక్షం వహించారు. అది సరైన తీర్పేనని నా అభిప్రాయం.

కీబోర్డు మర్యాదకు మన దేశం కూడా ఒక మంచి పని చేసింది. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్టు అనే అమరికను ఏర్పరచింది. 1991లో అది జాతీయ ప్రమాణంలో భాగమైంది. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు ప్రధానంగా కుడిచేతికి. విశేషమేమంటే, తెలుగులో 'క' ఏ మీట మీద వుందో, హిందీలోనూ కన్నడంలోనూ మరాఠీలోనూ 'క' ఆ మీట మీదే. భాష మారినా చేయి తడబడదు. తెలుగూ మరాఠీ రెండూ వినిపించే బోధన్ వంటి ఊరికి ఇంతకంటె తగిన అమరిక ఏముంటుంది? విచారమేమంటే, అచ్చు పనివారు అను లిపులలో యాపిల్, మాడ్యులర్ అనే అమరికలకూ, టైపు పరీక్ష ప్యాసైనవారు టైపుమిషను అమరికకూ, పిల్లలు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతికీ అలవాటుపడ్డారు. ఒక ఇంట్లో నలుగురుంటే నాలుగు అమరికలు.

ఇన్‌స్క్రిప్టులో ఇంగ్లీషు సి మీట మీద 'మ' వుంటుంది. వి మీట మీద 'న'. ఎక్స్ మీద సున్న. తెలుగు రాస్తూ రాస్తూ కంట్రోల్‌తో సి మీట నొక్కారనుకోండి. మంచి సాఫ్ట్‌వేరు మీట ఏదో చూసి నకలు తీస్తుంది. అశ్రద్ధగా రాసినది "కంట్రోల్‌తో 'మ' వచ్చింది, అటువంటి ఆజ్ఞ నాకు తెలియదు" అని ఊరుకుంటుంది. ఇంగ్లీషు మాత్రమే ఎరిగినవారు తయారు చేసి, తామే పరీక్షించి చూసుకుంటే ఈ లోపం వారి కంట పడదు. పడవలసింది తెలుగువారి కంటనే. పడినప్పుడు తయారీదారులకు రాయవలసిందీ మనమే. లిబ్రె ఆఫీసు వంటి బహిరంగ సాఫ్ట్‌వేర్లకు ఎవరైనా రాయవచ్చు. వాటి తెలుగు మాటలను దిద్దే పనిలో కూడా ఎవరైనా చేరవచ్చు.

మాటల ఎంపిక కూడా మర్యాదలో భాగమే. సేవ్ అనే పనికి "దాచు" అని పెడితే ఇంపుగానే వుంటుంది. మనం డబ్బు దాచుకుంటాం గదా. కాని హైడ్ అనే పనికి కూడా "దాచు" అనే రావాలి. ఒకటి పెట్టెలో పెట్టి భద్రం చేయడం, ఒకటి కంటికి కనబడకుండా చేయడం. ఒకే మెనూలో రెండు "దాచు"లు వుంటే ఏది నొక్కాలి? "రద్దు" కూడా ఇంతే. "ఈ పని రద్దు చేయాలా?" అని అడిగి, కింద "సరే", "రద్దు" అని రెండు బొత్తాలు పెట్టారనుకోండి. రద్దు నొక్కితే పని రద్దవుతుందా, లేక రద్దు చేయడం రద్దవుతుందా? వకీళ్లు కూడా తేల్చలేరు. "పని ఆపు", "కొనసాగించు" అని రాస్తే చదువురాని అమ్మమ్మకు చదివి వినిపించినా అర్థమవుతుంది. బొత్తం మీద చేయబోయే పని పేరే వుంటే అది ఎడమన వున్నా కుడిన వున్నా ప్రమాదం తక్కువ.

ఇక ఇంటి మనుషులకు నాలుగు మాటలు.

కొత్త యంత్రం ముందు కూర్చున్నప్పుడు మొదట మెనూలు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. చాలా మాటల ఎదురుగా దాని మీటల జంట రాసే వుంటుంది. అది ఆ ఊరి దారిబోర్డు. రోజూ చేసే ఎనిమిది పది పనుల జంటలను ఒక కాగితం మీద రాసి తెర పక్కన అంటించండి; పదిహేను రోజుల్లో కాగితంతో అవసరం తీరిపోతుంది.

బొత్తం నొక్కేముందు దాని మీది మాట చదవండి. స్థానాన్ని నమ్మకండి.

చేసింది తప్పయితే గాభరాపడి విండో మూయకండి. విండోస్, లినక్సులలో కంట్రోల్ జడ్, మాక్‌లో కమాండ్ జడ్ చాలా తప్పులను వెనక్కు తీసుకుంటుంది. మళ్లీ ముందుకు కావాలంటే విండోస్‌లో సాధారణంగా కంట్రోల్ వై, మాక్‌లో షిఫ్టు కమాండ్ జడ్.

పిల్లలకు నేర్పేటప్పుడు "కంట్రోల్ సి నొక్కు" అని మాత్రమే నేర్పకండి. "ఇది నకలు తీయడం, దీనికి ఇక్కడ ఈ మీట" అని చెప్పండి. పని పేరు తెలిసినవాడు ఏ యంత్రం మీదయినా మీటను వెతుక్కుంటాడు. మీట మాత్రమే తెలిసినవాడు యంత్రం మారగానే నిరక్షరాస్యుడవుతాడు. విండోస్ మీద నేర్చి, ఉద్యోగంలో లినక్సు ముందు కూర్చోవలసి వచ్చిన పల్లెటూరి పిల్లకు మొదటి వారంలో ధైర్యం నిలిచేదీ, జారిపోయేదీ ఈ చిన్న తేడాతోనే.

చివరగా, మన ఇళ్ల నుంచి హైదరాబాదుకూ అమెరికాకూ వెళ్లి సాఫ్ట్‌వేరు రాస్తున్న పిల్లలకు ఒక మాట. మీరు రాసే సాఫ్ట్‌వేరు ఎవరింటికో అతిథిగా వెళుతుంది. లోపల మీ పనితనం ఎంత కొత్తదైనా చూపండి. గుమ్మం ఎటు వుందో, దీపం మీట ఎక్కడుందో మాత్రం ఇంటివారు పెట్టుకున్నట్టే వుండనివ్వండి. మీ ఇంట్లో "నా వల్ల కాదు" అన్న పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని, వారు ఎక్కడ ఆగుతున్నారో చూసి రాసుకోండి. దిద్దవలసిన తప్పులు సగం అక్కడే దొరుకుతాయి.